లోపలి కోచ్‌కు లెక్కలు కావాలి

హైదరాబాద్ మెట్రో నీలి లైను 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి చేరింది. తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీవితంలోని రెండు దశలు అలా ఒకే దారి మీదికి వచ్చాయి. ఒకవైపు మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ కిక్కిరిసిన కోచింగ్ సెంటర్లు: డెమో క్లాసులు, జిరాక్స్ మెటీరియల్, మాక్ ఇంటర్వ్యూలు, ఉదయం ఒక బ్యాచ్, సాయంత్రం మరో బ్యాచ్. ఇంకోవైపు 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్, అక్కణ్ణుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా పరుచుకున్న ఆఫీసులు. మొదటి చోట ఏం చదవాలో, ఎప్పుడు చదవాలో, ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు. ఇంటర్ నుంచి ఉద్యోగం దాకా మన పిల్లల చదువంతా ఆ మనిషి చేతుల్లోనే నడుస్తుంది. ఆఫర్ లెటర్ చేతికి వచ్చిన రోజున అతను తప్పుకుంటాడు. అప్పటి నుంచి మరో ముప్పై ఐదేళ్లు నేర్చుకుంటూనే ఉండాల్సిన వృత్తిలో, నేర్చుకోవడం ఎలా సాగుతోందో కనిపెట్టి చూసేవాళ్లు ఉండరు. అప్రైజల్ ఉంటుంది కానీ అది రేటింగ్ కోసం, హైక్ కోసం. మనిషి ఎక్కడ ఆగిపోయాడో, ఎందుకు ఆగిపోయాడో కనిపెట్టడం దాని పని కాదు.

అందుకే తనకు తానే కోచ్ కావడం గురించి ఈ మధ్య చాలా మాటలు వినిపిస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఉత్సాహం గురించి: నమ్మకం పెంచుకోండి, పెద్ద లక్ష్యం పెట్టుకోండి, తెల్లవారుజామున లేవండి. పరిశోధనలు చూపే దారి వేరు. మంచి కోచ్ ఇచ్చేవాటిలో ఉత్సాహం చిన్న భాగం. అసలైనది బయటి చూపు. ఆ చూపును మనిషి తనలో తాను పుట్టించుకోలేడు. కాగితం మీద పుట్టించుకోగలడు. తన పని గురించి తన అభిప్రాయాన్ని కాదనగలిగే రికార్డు ఉన్నవాళ్లకే స్వీయ శిక్షణ పనికొస్తుందని, అది లేకుండా చేసేది తనకు తాను చెప్పుకునే ధైర్యమేనని నా వాదన.

కోచ్ ఏం చేస్తాడో చూడటానికి సైబరాబాద్ దాటి వెళ్లక్కర్లేదు. పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ గచ్చిబౌలిలోనే ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో పి.వి.సింధు రజతం ఆ శిక్షణలోంచి వచ్చినవే. ఆటలో ఉన్న మనిషి షటిల్‌ను చూస్తుంది, కోచ్ ఆమెను చూస్తాడు. ఏ మూలకు వెళ్లేటప్పుడు అడుగు ఆలస్యమవుతోందో, ఏ స్కోరు దగ్గర తొందరపడుతోందో ఆమెకు ఆ క్షణంలో తెలియదు, ఎందుకంటే ఆమె దృష్టంతా ఆటకే ఖర్చయిపోతుంది. రియో ఫైనల్ తర్వాత గోపీచంద్ చెప్పిన మరో విషయం కూడా గుర్తుంచుకోదగ్గది. ఆటల ముందు మూడు నెలలు సింధు దగ్గర ఫోన్ లేకుండా చేశానని ఆయన చెప్పారు. ఫోన్ చూడకుండా ఉండే సంకల్పం తెచ్చుకోమని ఆమెకు ఉపదేశం చేయలేదు, ఫోన్‌నే తీసేశారు. గమనించడం, పరిసరాలను మార్చడం అనే ఈ రెండు పనులనూ ఒంటరిగా ఎంతవరకు చేసుకోవచ్చన్నదే ప్రశ్న.

గమనించడం దగ్గరే మొదటి చిక్కు. మన నైపుణ్యం గురించి మన అంచనా ఎంత నిజమో తేల్చడానికి ఈథన్ జెల్, జ్లాటన్ క్రిజాన్ 2014లో 22 మెటా విశ్లేషణలను ఒకచోట చేర్చి చూశారు. సొంత అంచనాకు, వాస్తవ సామర్థ్యానికి మధ్య సగటు సహసంబంధం 0.29 అని తేలింది. పూర్తి గుడ్డితనం కాదు, కానీ దాన్ని నమ్ముకుని ఉద్యోగ జీవితానికి దారి వేసుకోవడం కష్టం. సాఫ్ట్‌వేర్ రంగానికి ఇంకా దగ్గరి సాక్ష్యం 2025లో వచ్చింది. మీటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లతో, వాళ్లకు బాగా తెలిసిన కోడ్ మీద, 246 పనులు చేయించింది. కొన్నిటికి ఏఐ సాధనాలు వాడుకోవచ్చు, కొన్నిటికి వాడకూడదు. ఏఐ వల్ల 24 శాతం సమయం కలిసొస్తుందని వాళ్లు ముందు అనుకున్నారు. పని ముగిశాక కూడా 20 శాతం కలిసొచ్చిందనే చెప్పారు. గడియారం ప్రకారం 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. ఆ ఫలితం ఏఐ గురించి ఏం చెబుతుందన్నది వేరే చర్చ. 16 మందితో, ఆనాటి సాధనాలతో చేసిన పరీక్ష నుంచి ఎక్కువ దూరం వెళ్లకూడదు. నాకు ముఖ్యమనిపించేది మనుషుల సంగతి. ఏళ్ల అనుభవం ఉండి, పని చేతుల్లోంచి అప్పుడే వెళ్లినా, తాము వేగంగా నడిచామో నెమ్మదిగా నడిచామో వాళ్లకు తెలియలేదు. మాదాపూర్‌లో ఒక టీమ్ లీడ్ శుక్రవారం సాయంత్రం ‘ఈ వారం బాగానే నడిచింది’ అనుకున్నప్పుడు ఆ అనుకోవడానికి ఉన్న విలువ కూడా అంతే.

చదువులోనూ ఇదే కథ. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చారు. ఒక గుంపు దాన్ని నాలుగుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒకసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. వారం తర్వాత మొదటి గుంపుకు 40 శాతం, రెండో గుంపుకు 61 శాతం గుర్తుంది. కానీ తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగుసార్లు చదివినవాళ్లే. చదువుతుంటే నున్నగా సాగిపోతుంది, ఆ నునుపునే మనసు ‘వచ్చేసింది’ అని లెక్కేసుకుంటుంది. క్లౌడ్ సర్టిఫికేషన్ కోసం ఒకటిన్నర రెట్ల వేగంతో వీడియోలు చూసే రాత్రులన్నీ ఈ మోసానికి లోబడినవే. వీడియో మూసేసి ఖాళీ కాగితం మీద ఆ సర్వీసులు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో గీయడానికి ప్రయత్నిస్తే పది నిమిషాల్లో నిజం తేలుతుంది. అది చిరాకు పుట్టిస్తుంది కాబట్టే ఎక్కువ మంది చేయరు.

చూపు నమ్మదగ్గది కానప్పుడు ఏం చేయాలి? సాఫ్ట్‌వేర్ వృత్తిలోంచే ఒక సమాధానం వచ్చింది. అది హైదరాబాద్ కంపెనీలకు బాగా పరిచయమున్న మనిషి నుంచే వచ్చినా, సమాధానంలో సగమే ఇక్కడికి చేరింది. వాట్స్ హంఫ్రీ ఐబీఎమ్‌లో దాదాపు మూడు దశాబ్దాలు పనిచేసి, 1986లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. శతాబ్దం మారే వేళ హైదరాబాద్, బెంగళూరు, చెన్నై కంపెనీలు పోటీపడి సాధించిన ‘సీఎంఎం లెవెల్ 5’ వెనకున్న ఆలోచన ఆయనదే. కంపెనీ తన పనిని ఎంత క్రమబద్ధంగా చేస్తోందో కొలిచే పద్ధతి అది. ఆ గుర్తింపు చూపించి మన కంపెనీలు విదేశీ కాంట్రాక్టులు తెచ్చుకున్నాయి. హంఫ్రీ మాత్రం అక్కడ ఆగలేదు. కంపెనీకి పనికొచ్చే క్రమశిక్షణ ఒక్క మనిషికి పనికొస్తుందా అని అరవై దాటిన వయసులో తన మీదే ప్రయోగం చేసుకున్నారు. కొన్నేళ్లపాటు 60కి పైగా చిన్న ప్రోగ్రాములు స్వయంగా రాసి, ప్రతి దానికీ లెక్క రాసుకున్నారు. అందులోంచి పుట్టిన ‘పర్సనల్ సాఫ్ట్‌వేర్ ప్రాసెస్’ 1995లో పుస్తకంగా వచ్చింది.

ఆ పద్ధతి సారం చెప్పడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. పని మొదలుపెట్టే ముందే అది ఎంత పెద్దదో, ఎంతసేపు పడుతుందో రాయాలి. చేస్తున్నప్పుడు నిమిషాల్లో సమయం రాయాలి, మధ్యలో ఎవరైనా పిలిస్తే ఆ అంతరాయాన్ని కూడా తీసివేసి రాయాలి. ప్రతి తప్పుకూ ఒక వరుస: ఏ రకం తప్పు, ఏ దశలో దూరింది, ఏ దశలో దొరికింది, సరిచేయడానికి ఎంతసేపు పట్టింది. పది ప్రోగ్రాములు అయ్యేసరికి ఆ మనిషికి తన గురించి ఇంతకుముందు తెలియని సంగతులు కనిపిస్తాయి. తన తప్పుల్లో ఎక్కువ భాగం రెండు మూడు రకాలకే చెందుతాయి. డిజైన్ దశలో దూరిన తప్పు టెస్టింగ్‌లో దొరికితే దానికి ఎన్నో రెట్ల సమయం పోతుంది. అంచనాలు ఎప్పుడూ ఒకే వైపు తప్పుతాయి. ఆ రెండు మూడు రకాల తప్పులతోనే సొంత చెక్‌లిస్టు తయారవుతుంది. ఇంకొకరి చెక్‌లిస్టు పెద్దగా పనికిరాదు, ఎందుకంటే ఇంకొకరి తప్పులు వేరు. 1997లో ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు విల్ హేస్, జేమ్స్ ఓవర్ ఈ శిక్షణ పొందిన 298 మంది ఇంజనీర్ల లెక్కలు విశ్లేషించారు. అంచనాలు నిజానికి దగ్గరయ్యాయి, తప్పులు తగ్గాయి. పని వేగం మాత్రం చెప్పుకోదగ్గంత మారలేదు. ఈ చివరి మాట నాకు విశ్వాసం కలిగిస్తుంది. అన్నీ పెరిగాయని చెప్పే పద్ధతి కన్నా, ఏది పెరిగిందో ఏది పెరగలేదో విడదీసి చెప్పేది నమ్మదగ్గది.

అంచనాలు ఎప్పుడూ ఒకే వైపు తప్పుతాయన్నది ఇంజనీర్ల ప్రత్యేక రోగమేమీ కాదు. 1994లో రోజర్ బ్యూలర్ బృందం, చివరి సంవత్సరం విద్యార్థులను వాళ్ల థీసిస్ ఎప్పటికి పూర్తవుతుందని అడిగింది. సగటున 34 రోజులన్నారు, 55 రోజులు పట్టింది. ఈ అధ్యయనంలో ఎక్కువమంది పట్టించుకోని అంశం ఒకటుంది. గతంలో ఇలాంటి పనులకు ఎంత పట్టిందో మామూలుగా గుర్తు తెచ్చుకున్నంత మాత్రాన అంచనాలు బాగుపడలేదు. ఆ గతాన్ని ఇప్పటి పనికి పట్టుబట్టి ముడిపెట్టి ఆలోచింపజేసినప్పుడే బాగుపడ్డాయి. మామూలు కోచ్ అడిగేది ఈ ప్రశ్నే కదా: ‘పోయినసారి ఎంత పట్టింది? ఈసారి ఏం మారిందని తక్కువ చెబుతున్నావు?’ రాసిపెట్టిన లెక్క ఉంటే ఆ ప్రశ్న తనను తాను అడగొచ్చు. లేకపోతే జ్ఞాపకం మర్యాదగా తప్పుకుంటుంది.

మన దేశంలోనే జరిగిన ఒక ప్రయోగం కూడా ఇక్కడ ప్రస్తావించాలి. బెంగళూరు కేంద్రంగా ఉన్న విప్రోలో కొత్తగా చేరి శిక్షణ పొందుతున్నవాళ్లలో కొందరిని రోజు చివరి 15 నిమిషాలు ఆ రోజు ఏం నేర్చుకున్నారో రాయమన్నారు. మిగతావాళ్లు ఆ పావుగంట కూడా సాధనే చేశారు. శిక్షణ ముగిశాక జరిగిన పరీక్షలో, రాసినవాళ్లు దాదాపు 23 శాతం మెరుగ్గా నిలిచారు. తక్కువ సాధన చేసినవాళ్లకు ఎక్కువ మార్కులు రావడం ఆకట్టుకునే ఫలితమే. కానీ దీన్ని ఒంటరి స్తంభంగా నిలబెట్టకూడదు. ఆ అధ్యయన రచయితల్లో ఒకరైన ఫ్రాన్సెస్కా జినో మీద వేరే పరిశోధనలలో దత్తాంశాలను మార్చారన్న ఆరోపణలు వచ్చాయి. ఆమె వాటిని ఖండించారు. హార్వర్డ్ 2025లో ఆమె టెన్యూర్‌ను రద్దు చేసింది. విప్రో పరిశోధన ఆ వివాదంలో చిక్కుకున్న వాటిలోది కాదు, అయినా ఇలాంటి విషయాల్లో వేరేవాళ్లు వేరేచోట చేసినదాన్ని కూడా చూడటం పాఠకుడి హక్కు. 2016లో బెంజమిన్ హార్కిన్ బృందం 138 అధ్యయనాలను, దాదాపు 20 వేల మంది వివరాలను కలిపి విశ్లేషించింది. లక్ష్యం వైపు తమ ప్రయాణాన్ని తరచూ చూసుకునేలా చేస్తే లక్ష్యసాధన మెరుగుపడుతుందని తేలింది. మనసులో చూసుకోవడం కన్నా రాసి నమోదు చేసినప్పుడు, తమలోనే ఉంచుకోవడం కన్నా ఇంకొకరికి చెప్పినప్పుడు ప్రభావం ఎక్కువ. ఈ రెండో భాగం దగ్గరకు మళ్లీ వస్తాను.

రికార్డు ఉన్నంత మాత్రాన చాలదు, దాన్ని ఏ ప్రశ్నతో చదువుతామన్నది కూడా అంతే ముఖ్యం. 1996లో అవ్రహాం క్లూగర్, ఏంజెలో డినిసి ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన పరిశోధనలన్నీ జల్లెడపట్టి 607 ఫలితాలు పోల్చారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గింది. వాళ్ల వివరణ ప్రకారం, దృష్టి పని మీది నుంచి ‘నేనెలాంటివాణ్ణి’ అన్న దాని మీదికి జరిగితే ఫీడ్‌బ్యాక్ చెడగొడుతుంది. ‘నాకు డేటా స్ట్రక్చర్స్ రావు’ అన్నది తీర్పు. ‘గ్రాఫ్ ప్రశ్నల్లో, చూసిన నోడ్‌ను గుర్తుపెట్టడం నాలుగింట మూడుసార్లు మరిచిపోయాను’ అన్నది సమాచారం. రెండోదానికి రేపు చేయాల్సిన పని ఉంది. లక్ష్యాల విషయంలోనూ ఇలాంటి తేడానే ఉంది. గ్యారీ లాథమ్, జెరార్డ్ సెయిట్స్ ప్రయోగాల్లో, కొత్తది, క్లిష్టమైనది అయిన పనికి ‘ఇంత సాధించాలి’ అన్న ఫలిత లక్ష్యం కన్నా ‘దీనికి ఇన్ని దారులు కనిపెట్టాలి’ అన్న అభ్యాస లక్ష్యమే మంచి ఫలితమిచ్చింది. అమీర్‌పేట అలవాటు చేసింది మొదటి రకాన్ని: ప్యాకేజీ, ఆఫర్, స్విచ్. ఏ సిలబస్ చదవాలో ముందే తెలిసినప్పుడు అది సరిపోయింది. ఏ పని మిగులుతుందో, ఏది యంత్రానికి పోతుందో తెలియని ఇప్పటి పరిస్థితిలో రెండో రకమే ఎక్కువగా కావాలి.

ఇక పరిసరాలు. పీటర్ గోల్‌విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో 94 పరీక్షలను కలిపి చూసినప్పుడు, ‘ఫలానా సమయంలో ఫలానా చోట ఉంటే ఫలానా పని చేస్తాను’ అని ముందే ముడివేసి రాసుకున్నవాళ్లు, లక్ష్యం మాత్రమే పెట్టుకున్నవాళ్ల కన్నా గణనీయంగా ముందున్నారు. ‘ఈ నెల సిస్టమ్ డిజైన్ చదువుతాను’ అన్నదానికి, ‘రాయదుర్గంలో మెట్రో ఎక్కి కూర్చోగానే ఫోన్ బ్యాగులో పెట్టి, నిన్న గీసిన బొమ్మను చూడకుండా మళ్లీ గీస్తాను’ అన్నదానికి మధ్య ఉన్న దూరం అదే.

ఇప్పుడు అభ్యంతరాలు. అన్నిటికన్నా బలమైనది పరిశోధనలోంచే వస్తుంది. 2016లో ఆస్ట్రియాకు చెందిన సబీన్ లోష్ బృందం, పనులు వాయిదా వేసే అలవాటున్న 84 మంది విద్యార్థుల మీద మూడు పద్ధతులను పోల్చింది: కోచ్‌తో విడిగా శిక్షణ, బృంద శిక్షణ, అవే అభ్యాసాలు ఒంటరిగా చేసుకోవడం. లక్ష్యం చేరడంలో కోచ్ ఉన్నవాళ్లు ముందున్నారు. ఒంటరిగా కాగితాలు నింపుకోవడం సరిపోలేదు. ఈ ఫలితాన్ని నేను తప్పించుకోదలచుకోలేదు, ఎందుకంటే నా వాదనకు ఇది హద్దు గీస్తుంది. స్వీయ శిక్షణ అంటే ఒంటరి శిక్షణ అనుకుంటే అది ఓడిపోతుంది. హార్కిన్ విశ్లేషణలో ఇంకొకరికి చెప్పడం వల్ల ప్రభావం పెరిగిందన్న సంగతి దీనితో సరిపోతుంది. అయితే ఆ ఇంకొకరు ఫీజు తీసుకునే కోచే కానక్కర్లేదు. కోడ్ రివ్యూ అలవాటున్న వృత్తిలో, ఇద్దరు సహోద్యోగులు వారానికి అరగంట ఒకరి లెక్కలు ఒకరు చదవడం కష్టమేమీ కాదు. అవతలివాళ్లు సలహా ఇవ్వక్కర్లేదు, ‘ఇక్కడ ఎందుకు ఇంతసేపు పట్టింది?’ అని అడిగితే చాలు. వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఇగోర్ గ్రాస్‌మన్, మిషిగన్‌లో ఈథన్ క్రాస్ 2014లో చూపించినట్టు, మనుషులు తమ సమస్య కన్నా స్నేహితుడి సమస్య గురించి ఎక్కువ వివేకంతో ఆలోచిస్తారు. ఎవరూ దొరకని వారం, తన పుస్తకాన్నే జూనియర్ రాసినట్టుగా ‘అతను’ అనుకుంటూ చదవడం ఆ తేడాను కొంత పూడుస్తుంది.

రెండో అభ్యంతరం, ఇదంతా ఎవరూ ఎక్కువ కాలం చేయరని. నిజమే. 1998లో ఫిలిప్ జాన్సన్, ఆన్ డిస్నీ హంఫ్రీ పద్ధతిలో పదిమంది విద్యార్థులు నింపిన లెక్కలను తనిఖీ చేస్తే 1,500కు పైగా తప్పులు దొరికాయి. ఫారాలు ఎక్కువైనకొద్దీ లెక్క అబద్ధమవుతుంది. దీనికి నా జవాబు లెక్క మానేయమని కాదు, కుదించమని. ఒక టికెట్‌కు మూడు విషయాలు చాలు: మొదలుపెట్టే ముందు అంచనా, పట్టిన సమయం, దొరికిన తప్పుల్లో ఖరీదైనది ఒకటి. మిగతాది జిరా, గిట్ లాంటి సాధనాలు ఎలాగూ నమోదు చేస్తూనే ఉన్నాయి. అవి రాయలేనిది ముందస్తు అంచనా ఒక్కటే, అది మనిషి చేతితోనే రాయాలి. లెక్క రాసుకుంటే తన లోపాలే కనిపించి మనసు కుంగుతుందన్న భయం కూడా కొందరికి ఉంటుంది. జూలియానా బ్రైన్స్, సెరెనా చెన్ 2012లో చేసిన ప్రయోగాల్లో, పరీక్షలో దెబ్బతిన్న విద్యార్థుల్లో తమ పట్ల దయతో ఆలోచించేలా చేసినవాళ్లే తర్వాతి పరీక్షకు ఎక్కువసేపు చదివారు. తప్పును నిజాయితీగా రాయడం, తనను తాను తిట్టుకోవడం రెండు వేర్వేరు పనులు. మొదటిది నిలవాలంటే రెండోది మానుకోవాలి.

మూడో అభ్యంతరం న్యాయమైనది, కోపంతో కూడినది. అర్ధరాత్రి దాకా అమెరికా టీమ్‌తో కాల్స్, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉంటే రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని స్థితి, పొద్దుటా సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్. ఇలాంటి జీవితంలో ఉన్న మనిషికి ‘నిన్ను నువ్వు బాగుచేసుకో’ అని చెప్పడం వ్యవస్థ చేయాల్సినదాన్ని అతని మీదికి నెట్టడం కాదా? కొన్నిసార్లు అవును. నిద్ర లేని మనిషికి చెక్‌లిస్టు మందు కాదు, తక్కువ మందితో ఎక్కువ పని చేయిస్తున్న ప్రాజెక్టును ఏ నోటుపుస్తకమూ సరిచేయదు. స్వీయ శిక్షణను ఉద్యోగుల సంక్షేమానికి బదులుగా అమ్మే ఎవరినైనా అనుమానించాలి. కానీ లెక్కకు ఇక్కడ ఇంకో ఉపయోగం ఉంది. ఆరు గంటలు అనుకున్న పనికి పదకొండు గంటలు పట్టిందని, అందులో నాలుగు గంటలు అంతరాయాలే అని మూడు వారాల రికార్డు చూపిస్తే, లోపం తనలో ఉందా, పని ఇచ్చిన తీరులో ఉందా అన్నది మొదటిసారి విడివడుతుంది. అది లేనంతకాలం ఆ తేడా అంతా ఉద్యోగి తన అసమర్థతగానే మోస్తాడు. మేనేజర్‌తో మాట్లాడటానికి కూడా ‘చాలా పనుందండీ’ కన్నా ఆ కాగితం గట్టిగా నిలబడుతుంది.

అయితే ఆ కాగితం ఎవరిదన్నది ముందే తేలాలి. వ్యక్తిగత లెక్కలు ఇంజనీర్‌కే చెందాలని, మేనేజర్లు వాటిని మనుషుల్ని తూచడానికి వాడకూడదని హంఫ్రీ పట్టుబట్టారు. రేటింగ్‌కు పోతుందని తెలిసిన లెక్కలో ఖరీదైన తప్పు ఎవరూ రాయరు, అంచనాలు పెంచి రాస్తారు, అప్పుడు అది అప్రైజల్ ఫారానికి మరో నకలు అవుతుంది. తమవాళ్లు ఎదగాలని నిజంగా కోరుకునే కంపెనీ ఆ పుస్తకాన్ని అడగకుండా ఉండి, దాన్ని రాసే సమయం మాత్రం ఇవ్వాలి. విప్రో ప్రయోగంలో ఆ పదిహేను నిమిషాలు పనివేళల్లోంచే ఇచ్చారు, క్యాబ్‌లో ఇంటికి వెళ్తూ రాసుకోమని చెప్పలేదు.